ఎనిమిది నెలల పాపతో దసరాకు ఊరికి పోతే నిద్ర సంగతి ఏంటి?

మీరు అడిగింది ఇదీ: పాపకు ఎనిమిది నెలలు. హైదరాబాద్‌లో నెల రోజులు తిప్పలు పడి తనంతట తానే పడుకునేలా అలవాటు చేశారు. ఇప్పుడు బతుకమ్మకు, దసరాకు కలిపి పది రోజులు మిర్యాలగూడ దగ్గర అత్తగారింటికి పోవాలి. అక్కడ తలా ఒకరు ఎత్తుకుని ఊపి పడుకోబెడతారు. పడ్డ కష్టమంతా పాడవుతుందా?

పాడవుతుంది. ఇప్పుడే ఒప్పేసుకోండి, సగం టెన్షన్ ఇక్కడే దిగిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ దారిలో పడుతుంది. మా ఇంట్లో మొదటిసారి మూడు రాత్రులు పట్టింది, రెండోసారి రెండే.

మా అత్తగారి ఊరు నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు. తల్లిగారిది జడ్చర్ల. మేముండేది వనస్థలిపురంలో, రెండు గదుల అద్దె ఇల్లు. పాపకు ఇప్పుడు మూడేళ్లు. ఆరో నెల నిండాక మేమూ మీలాగే మొదలుపెట్టాం. మెలకువగా ఉండగానే పడుకోబెట్టి బయటికి రావడం, ఏడిస్తే మూడు నిమిషాలకు, తర్వాత ఐదుకు, ఆ తర్వాత పదికి లోపలికి వెళ్లి కాస్త తట్టి మళ్లీ వచ్చేయడం. రిచర్డ్ ఫెర్బర్ అనే అమెరికా డాక్టరు 1985లో పుస్తకంగా రాసిన పద్ధతి ఇది. ఇద్దరమే ఉన్న ఇంట్లో బాగానే నడిచింది. ఐదో రోజుకు ఏడుపు పది నిమిషాలు కూడా లేదు. నేనేదో సాధించినట్టు అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను.

ఆ వెంటనే సంక్రాంతి వచ్చింది. ఊర్లో మూడు గదులు, పద్నాలుగు మంది. రాత్రి ఎనిమిదికి బియ్యం బస్తాలుండే లోపలి గదిలో పాపను పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఫోన్లో టైమర్ పెట్టుకుని బయట నిలబడ్డాను. మూడు నిమిషాలు ఎలాగో గడిచాయి. ఐదో నిమిషానికి అత్తమ్మ, చిన్నత్తమ్మ, యారాలు, చివరికి పక్కింటి అవ్వ కూడా వచ్చేసింది. "ఏం తల్లివే నువ్వు? పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఫోన్ల టైం చూస్కుంట నిలవడ్డవ్!" అంది అవ్వ. నా చేతిలో టైమర్ నడుస్తూనే ఉంది, ఏం చెప్పను? అత్తమ్మ ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్లి పిల్లను ఎత్తుకుంది. పది నిమిషాల్లో దూలానికి పాత నూలు చీరతో తొట్టెల కట్టారు, పాప నిద్రపోయింది. నేను ఇంటెనక బట్టలుతికే బండ మీద కూర్చుని ఏడ్చాను.

తర్వాత ఆలోచిస్తే అనిపించింది, ఆ పద్ధతికి ముందు ఒక గది కావాలి, దానికి మూసే తలుపు కావాలి. ఊర్లో పగలు తలుపు మూస్తే ఎవరికో బాగాలేదనుకుంటారు. పైగా పిల్ల ఏడుపు అక్కడ తల్లి ఒక్కదాని పని కాదు, ఇంటిల్లిపాది పని. పండగ పూట వాళ్లందరికీ స్లీప్ ట్రైనింగ్ పాఠం చెప్పాలనుకోవడం నా బుద్ధి తక్కువ. మీరు ఆ పని పెట్టుకోకండి.

ఉగాదికి మళ్లీ పోయినప్పుడు టైమర్‌ను ఇంట్లోనే వదిలేశాను. పట్టుకుపోయింది ఒక్కటే, వరుస. స్నానం, పాలు, లైటు ఆపడం, ఒకే పాట, అదే మెత్తటి గుడ్డ. ఎవరి చేతుల్లో పడుకున్నా, తొట్టెలలో పడుకున్నా, ముందు ఈ వరుస మాత్రం తప్పనివ్వలేదు. ఇందులో స్నానం పనిని అత్తమ్మకు అప్పగించాను. ఈ ఒక్క సలహా పాటించినా చాలు, మిగతావి మర్చిపోయినా పర్వాలేదు.

మా అత్తమ్మ నీళ్లు పోస్తే చూడాలి. పీట మీద కూర్చుని రెండు కాళ్లూ చాపి, పాపను ఆ కాళ్ల మీద బోర్లా వేసుకుంటుంది. పక్కన కాగులో వేడినీళ్లు, బకెట్లో చన్నీళ్లు. కలిపిన నీళ్లు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసి, అప్పుడు పాప నడుము మీద చెంబుతో సన్నటి ధారగా వదులుతుంది. పాప రెండు నిమిషాలు అరిచి, ఆ తర్వాత కళ్లు అరమూసి ఊరుకుంటుంది. నేను బాత్‌రూమ్‌లో టబ్బు పెట్టి పోసే స్నానానికి ఆ మత్తు రాదు. ముక్కులో, చెవుల్లో నూనె పోయవద్దనీ, సాంబ్రాణి పొగ ముఖం దగ్గర పట్టవద్దనీ మాత్రం చెప్పాను. ఒక్కసారే చెప్పాను, మెల్లగా, నలుగురిలో కాకుండా. రోజూ పొద్దున పోసే నీళ్లను సాయంత్రానికి మార్చమంటే మార్చింది. మూడో రోజు నుంచి తనే అనడం మొదలుపెట్టింది, "జరుగుండ్రి, పిల్ల పడుకునే టైమైంది" అని. నేను అంటే గొడవయ్యే మాట అది.

తొట్టెల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కూర్చోవడం వచ్చిన పిల్లకు చీర తొట్టెల ప్రమాదం. ఆ ఉగాదికే, రెండో రోజు మధ్యాహ్నం, అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పాప నిద్రలేచి, అంచు పట్టుకుని, మోకాళ్ల మీద లేచి తల బయట పెట్టింది. చీర ఒక పక్కకు ఒరిగింది. అత్తమ్మ చేట వదిలేసి ఒంటి చేత్తో పట్టుకుంది. బియ్యం ఇల్లంతా చెల్లాచెదురు. సాయంత్రానికి ఆమే చీర విప్పి మడిచి పెట్టెలో పెట్టేసింది, "ఇగ దీనికి తొట్టెల ఈడు దాటింది" అని. మీ పాప కూర్చుంటుంటే ఈ సంగతి వెళ్లగానే చెప్పేయండి. కింద చాప మీద గట్టి బొంత, వెల్లకిలా, దిండు లేకుండా, పైన గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెర. మెత్తటి స్పంజి పరుపు కంటే ఇదే నయం.

బతుకమ్మ రోజుల్లో సాయంత్రం ఏడున్నరకు పడుకోబెట్టాలని చూడకండి. ఆడవాళ్లంతా ఆటకు పోయే వేళ అది, మీరూ పోవాలి కదా! నాలుగు గంటలకు ఒక కునుకు తీయించి, రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు పడుకోబెట్టండి. నాలుగు నుంచి పన్నెండు నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలంటారు. గడియారం కాకుండా ఆ మొత్తం చూసుకుంటే చాలు. సద్దుల బతుకమ్మ రాత్రి డీజే మోత ఎలాగూ తప్పదు, వెనక గదిలో టేబుల్ ఫ్యాన్ హోరులో పడుకోబెట్టాలి.

ఇంకోటి, ఎనిమిదో నెలలో కొత్త ముఖం కనిపిస్తే ఏడుస్తారు. అది ఆ వయసు లక్షణం. కానీ ఆడబిడ్డ ఎత్తుకోగానే ఏడిస్తే "మమ్మల్ని గుర్తు పట్టకుండ చేసినవ్" అనే మాట మీకే తగులుతుంది. దిగగానే ఎవరికీ అందించకండి. మీ ఒళ్లోనే ఉంచి, వాళ్లను పక్కన కూర్చుని ఏ గరిటో, గిన్నో చూపించమనండి. అరగంటలో తనే చేతులు చాపుతుంది.

కొన్నిటికి మాత్రం మొహమాటం లేకుండా వద్దనాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, బొట్టు కూడా. నిద్ర కోసం దగ్గు మందు, బ్రాందీ చుక్క అసలే వద్దు. మాకు బ్రాందీ సలహా ఇచ్చిన పెద్దాయన తన పిల్లలందరినీ అట్లాగే పెంచానని చెప్పాడు. వాళ్లను చూశాక ఇంకా భయమేసింది. బోరు నీళ్లను "కాచి పడితే ఏం కాదు" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. మా వైపు పెద్దవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తే ఇది ఎవరికీ వివరించనక్కర్లేదు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లే కాచి చల్లార్చి పట్టండి.

ప్రయాణం సంగతికి వస్తే, మిర్యాలగూడ దాదాపు 150 కిలోమీటర్లు. ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత టికెట్ వచ్చిన 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో పండగ పూట కాలు పెట్టే సందు ఉండదు, చంటిపిల్లతో అందులో ఎక్కకండి. కారైతే తెల్లవారుజామున ఐదుకల్లా బయల్దేరండి. ఆలస్యమైతే పంతంగి టోల్‌గేట్ దగ్గరే ఒక కునుకు వేళ గడిచిపోతుంది. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, వెనక సీట్లో బేబీ సీటు పెట్టుకోండి. నన్నడిగితే రైలే మేలు. నల్లగొండ మీదుగా గుంటూరు వైపు పోయే బండ్లు మిర్యాలగూడలో ఆగేవి చూసుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, ఏడిస్తే ఎత్తుకుని అటూ ఇటూ నడవచ్చు. ఊర్లో మరిది బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని "ఒక్క రౌండ్ వదినా" అంటాడు. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్ పెట్టాలని రూల్ ఉంది, మీ పాపకు ఆ హెల్మెట్ పెట్టే వయసు కూడా రాలేదు. నేను ఒప్పుకోలేదు. వాడు ఒక పూట అలిగాడు, అంతే.

తిరిగొచ్చిన రోజే మళ్లీ మొదలుపెట్టకండి. ఒక రాత్రి మీరూ, పాపా నిద్ర తీర్చుకోండి. మర్నాటి నుంచి పాత పద్ధతే. మీ ఆయనకు కూడా డ్యూటీ వేయండి, మాకు రెండో రాత్రి ఆయనే లోపలికి వెళ్లొచ్చాడు. మొదటి రాత్రి మా పాప ఇరవై ఐదు నిమిషాలు ఏడ్చింది, రెండో రాత్రి పదిహేను, మూడో రాత్రి ఆరు. ఆ మూడో రాత్రి సరిగ్గా తొమ్మిదింటికి అత్తమ్మ ఫోన్ చేసింది.

"పడుకున్నదా?"

"పడుకుంది అత్తమ్మా."

"ఏడ్చిందా?"

"లేదు, నీళ్లు పోయంగనే పడుకుంది" అన్నాను.