చివరి దవడ పళ్లు పోతే ఏం పెట్టించుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 58. కింది దవడలో కుడివైపు చివరి రెండు పళ్లు పుచ్చిపోతే రెండేళ్ల కిందట తీయించుకున్నాను. అప్పట్నుంచీ ఎడమవైపే నములుతున్నాను. ఇప్పుడు అటు ఒక పన్ను జివ్వుమంటోంది. ఒక డాక్టరు బ్రిడ్జ్ అన్నారు, ఇంకొకరు ఇంప్లాంట్ అన్నారు. తీసి పెట్టుకునే పళ్లు చాలని మా అబ్బాయి అంటాడు. నాకు షుగర్ ఉంది. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఖాళీ వెనక నాలుకతో తడిమి చూడండి. పన్ను తగులుతోందా, చిగురేనా? చిగురే అయితే బ్రిడ్జ్ మాట మర్చిపోండి. బ్రిడ్జ్ అంటే పక్క పళ్లకు తొడిగి ఖాళీలో నిలబెట్టే కట్టుడు పళ్లు. దానికి అటూ ఇటూ పన్ను ఆసరా ఉండాలి. వెనక ఏమీ లేకపోతే రెండు దవడ పళ్ల భారమంతా ఖాళీకి ముందున్న పళ్ల మీదే పడుతుంది. పైగా బాగున్న ఆ పళ్లను చుట్టూ అరగదీయాలి. నాకైతే మనసొప్పదు.

నా ఓటు ఇంప్లాంట్‌కే, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను పెట్టడం. షుగర్ అదుపులో ఉంటే అది అడ్డు కాదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏవన్‌సీ 7 దగ్గర్లో ఉంటే ధైర్యంగా వెళ్లండి, 8 దాటితే ముందు దాన్ని దించుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కింది దవడ ఎముక లోపల ఒక నరం వెళ్తుంది. పెదవికి, గడ్డానికి స్పర్శ దానివల్లే. పన్ను తీసినచోట ఎముక కరుగుతుంది కాబట్టి నరానికి పైన ఎంత మిగిలిందో దవడను 3డీలో చూపే సీబీసీటీ స్కాన్‌లో కొలిచి చూపించమని అడగండి. ఆ స్కాన్ లేకుండా ఒప్పుకోవద్దు. టైటానియం స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి సుమారు 3 నెలలు పడుతుంది, పైన పెట్టే పన్ను (క్యాప్) మామూలుగా ఆ తర్వాతే. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతుంటే అదీ ముందే చెప్పండి.

ఖర్చు ఎక్కువనిపిస్తే పోయిన రెండిట్లో ముందువైపు పన్ను ఒక్కటే పెట్టించుకోండి. చిట్టచివరిది లేకపోయినా చాలామంది హాయిగా తింటున్నారు.

అబ్బాయి చెప్పిందీ తీసిపారేసేది కాదు. కోత లేదు, ఖర్చు తక్కువ. కానీ వెనక ఆసరా లేక ఆ సెట్ చిగురు మీద కూర్చుని, నమిలినప్పుడల్లా కిందికి నొక్కుకుంటుంది. అన్నం, పప్పుకి పర్వాలేదు గానీ సకినాలు, మటన్ ముక్క దగ్గర ఇబ్బంది పడతారు.

ఏదైనా మరీ ఆలస్యం చేయకండి. కింద ఆన్చుకునే పన్ను లేక పై పళ్లు కిందికి జారొచ్చు. అప్పుడు కొత్త పన్నుకి చోటే ఉండదు. మరో అభిప్రాయం కావాలంటే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోండి. ఎడమవైపు జివ్వుమంటున్న పన్నును మాత్రం ఈ వారమే చూపించండి.