డాక్టర్ సలహా: కంట్లో బ్యాక్టీరియా సరే, నాలుగు నెలలుగా ఆ చుక్కలేంటి?

ప్రశ్న: నా వయసు 56. పదకొండేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. కిందటి నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 9.4 వచ్చింది. పొద్దున లేచేసరికి రెండు కళ్లకూ పుసి కట్టి రెప్పలు అతుక్కుపోతున్నాయి. దురద కూడా ఉంది. గతంలో కండ్లకలక వచ్చినప్పుడు డాక్టర్ రాసిచ్చిన మోక్సిఫ్లోక్సాసిన్, డెక్సామెథాసోన్ కలిసిన చుక్కల మందునే కొనుక్కుని నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను. వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయాలన్నారు. కంటి నుంచి శాంపిల్ తీసి పరీక్షిస్తే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది. ఇది పూర్తిగా పోవాలంటే ఏ చుక్కలు, ఎన్ని రోజులు వాడాలి?
- ఓ పాఠకుడు

జవాబు: మీరు అడిగింది బ్యాక్టీరియా గురించి. ఉత్తరం చదివితే నాకు కంగారు పుట్టించింది మాత్రం డెక్సామెథాసోన్. అది స్టెరాయిడ్. కండ్లకలకకు కొద్ది రోజుల కోసం రాసిన మందును నాలుగు నెలలు వేసుకోవడం ఏమిటండీ? పాత చీటీలో ఉన్నది అప్పటి జబ్బుకు మందు. ఇప్పటి కంటిని చూసి ఎవరూ రాయలేదు కదా.

స్టెరాయిడ్ ఎరుపును, వాపును, దురదను అణిచేస్తుంది. అందుకే వేసుకోగానే హాయిగా ఉంటుంది. అసలు కారణం అలాగే ఉంటుంది కాబట్టి మానగానే తిరగబెడుతుంది. ఈలోగా లోపల రెండు పనులు జరగొచ్చు. ఒకటి, కంటిలో ఒత్తిడి పెరగడం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడినవారిలో దాదాపు మూడోవంతు మందికి ఎంతోకొంత పెరుగుతుంది, షుగర్ ఉన్నవారికి ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుంది, తెలిసేసరికి నరం దెబ్బతిని ఉంటుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. రెండోది శుక్లం. స్టెరాయిడ్ వల్ల కటకం వెనక పొరలో మచ్చ ఏర్పడుతుంది. మీ కుడికంటి శుక్లంలో ఈ చుక్కల వాటా ఎంతో చూడకుండా చెప్పలేను, అసలు లేదనీ అనలేను.

అందుకని రెండు మూడు రోజుల్లో కంటి డాక్టర్‌కు చూపించుకుని ఒత్తిడి కొలిపించుకోండి. సొంతంగా ఇక కొనసాగించొద్దు. వెంటనే ఆపాలా, తగ్గించుకుంటూ రావాలా అన్నది కన్ను చూసినవారే చెప్పాలి. నాలుగు నెలలు వాడాక ఒక్కసారిగా ఆపితే వాపు ఎగదన్నే అవకాశం ఉంది. నల్లగుడ్డు మీద ఫంగస్ పుండో, హెర్పిస్ పుండో ఉంటే మాత్రం స్టెరాయిడ్ ఒక్కో చుక్కా నష్టమే.

ఇక మీ రిపోర్టు. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ చర్మం మీద, రెప్పల అంచుల్లో, కంటి తెల్లపొర మీద మామూలుగా కాపురం ఉండేదే. కొరినీబ్యాక్టీరియా, క్యూటీబ్యాక్టీరియం ఆక్నిస్ కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్నవారి కంటి నుంచి శాంపిల్ తీసినా ఇవి పెరుగుతాయి. పెరిగినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని కాదు. పూర్తిగా పోగొట్టే చుక్కలు లేవు, అక్కర్లేదు కూడా. ఇవాళ చంపినా పక్కనున్న చర్మం మీద నుంచి మళ్లీ వచ్చి చేరతాయి.

షుగర్ ఉన్నవారి కళ్లలో కొంత తేడా కనిపిస్తుంది. శాంపిల్‌లో బ్యాక్టీరియా పెరగడం ఎక్కువని, స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా లాంటివీ మరికాస్త తరచుగా కనిపిస్తాయని పలు అధ్యయనాల్లో వచ్చింది. రెటినోపతి, అంటే షుగర్ వల్ల కంటి వెనక తెర (రెటీనా) దెబ్బతినడం, ఉన్నవారిలో ఇది ఇంకా ఎక్కువని కొన్నింటిలో తేలింది. రక్తంలో చక్కెర పెరిగితే కన్నీటిలోనూ పెరుగుతుంది. పైగా కన్నీరు తగ్గుతుంది. ఆ కన్నీటిలోనే లైసోజైమ్, లాక్టోఫెరిన్ అనే సూక్ష్మజీవుల మీద పోరాడే పదార్థాలుంటాయి. తెల్లరక్తకణాలూ చక్కెర ఎక్కువైతే చురుగ్గా పనిచేయవు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది స్పర్శ తగ్గడం. పాదాల్లో తిమ్మిరి తెచ్చే నరాల దెబ్బే నల్లగుడ్డుకూ తగులుతుంది. గోరు గీసుకున్నా, నలుసు పడినా నొప్పి తెలియదు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మానే చిన్న గీత షుగర్ ఉన్నవారిలో రోజుల తరబడి తెరిచే ఉంటుంది. అంతవరకూ ఊరికే ఉన్న బ్యాక్టీరియాకు అదే దారి. నల్లగుడ్డు నడిమి మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ, అంతే. కాబట్టి ‘నొప్పి లేదుగా, చూద్దాంలే’ అనే లెక్క మీకు పనికిరాదు.

ఆ చుక్కల్లోని యాంటీబయాటిక్ మోక్సిఫ్లోక్సాసిన్ సంగతి కూడా ఉంది. నెలల తరబడి వేస్తే మందుకు లొంగే బ్యాక్టీరియా పోయి, లొంగనివి మిగులుతాయి. శుక్లం ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టే ఎండాఫ్తాల్మైటిస్‌కు ఎక్కువసార్లు కారణం రోగి రెప్పల మీదున్న ఈ ఎపిడెర్మిడిస్ రకమే. అంటే ఆపరేషన్ దగ్గరపడుతుండగా మందుకు లొంగని రకాన్ని మీరే పెంచుకుంటున్నారు. ఆ ముప్పును తగ్గించేది ఆపరేషన్ బల్ల మీద చేసే పని. రెప్పల చర్మాన్ని 10 శాతం పొవిడోన్ అయోడిన్‌తో తుడుస్తారు, కంట్లో 5 శాతం ద్రావణం వేసి కనీసం 3 నిమిషాలు ఆగుతారు, రెప్ప వెంట్రుకలను అతికే షీట్ కింద మడిచేస్తారు. చివర్లో సెఫురాక్సిమ్ అనే యాంటీబయాటిక్ 1 మిల్లీగ్రామో, మోక్సిఫ్లోక్సాసినో కంటి లోపలే ఇస్తారు. సెఫురాక్సిమ్ ఇవ్వనివారిలో ఇన్ఫెక్షన్ దాదాపు 5 రెట్లు ఎక్కువని 2007లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో తేలింది. మీకు అయోడిన్ పడకపోతే ముందే చెప్పండి.

రెండు కళ్లకూ నెలలుగా పుసి, దురద అంటే రెప్పల అంచుల వాపు, అదే బ్లెఫరైటిస్, కావచ్చు. అలర్జీ కావచ్చు, కన్నీరు తగ్గడమూ కావచ్చు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. బ్లెఫరైటిస్ అయితే చుక్కల కంటే శుభ్రతే ఎక్కువ పనిచేస్తుంది. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద 5 నుంచి 10 నిమిషాలు కాపడం పెట్టాలి. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది, మళ్లీ ముంచాలి. మీ వేళ్లకు స్పర్శ తగ్గి ఉంటే వేడిని ఇంట్లో ఇంకొకరి చేత చూపించుకోండి, రెప్ప చర్మం పలచన, కాలితే తెలియకపోవచ్చు. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా నిమిరి, రెప్పలు తుడిచే వైప్‌తో వెంట్రుకల మొదళ్లు తుడవాలి. ఒక కంటికి వాడింది రెండో కంటికి వద్దు. రోజుకు రెండుసార్లు, కొన్ని వారాలు. ఈ వాపు తగ్గేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తారు, తొందరపెట్టకండి. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పేదాకా రెప్పలు నొక్కడం, నిమరడం మానేయాలి.

ఏ చుక్కలు రాసినా ఒక చుక్క చాలు, రెండోది చెంప మీదికే పోతుంది. సీసా మూతి రెప్పకు తగలకూడదు. రెండు మందులుంటే మధ్య 5 నిమిషాలు ఆగాలి. తెరిచిన సీసాను 28 రోజుల తర్వాత పారేయాలి, దాని మీద ఇంకో గడువు రాసి ఉంటే అదే పాటించాలి.

రెటీనా పరీక్ష ఊసే మీ ఉత్తరంలో లేదు. పదకొండేళ్ల షుగర్‌కు కంటిపాప పెద్దది చేసి చూసే పరీక్ష ఏటా తప్పనిసరి, ఆపరేషన్‌కు ముందైతే మరీను. రెటీనా మధ్యలో వాపు ఉంటే ఆపరేషన్ తర్వాత అది పెరగొచ్చు. 9.4 అంటే సగటున రక్తంలో చక్కెర 220 దాటి ఉంటోందన్న లెక్క. తగ్గించాలి, అలాగని ఆపరేషన్ కోసం మీరే మందులు పెంచేసి హఠాత్తుగా దించొద్దు. అలా దించితే కొందరిలో రెటినోపతి కొంతకాలం ముదురుతుంది. మీ షుగర్ డాక్టర్ పద్ధతిగా మార్చాలి.

వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెళ్లండి: చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, ఒక కన్నే ఎర్రబడటం. రెప్ప బాగా వాచి జ్వరం రావడం, కన్ను ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం మొద్దుబారడం, ముక్కు నుంచి నల్లటి స్రావం ఉంటే రాత్రి అయినా సరే పెద్దాసుపత్రికే. అదుపులో లేని షుగర్‌లో మ్యుకోర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) గంటల్లో పాకుతుంది.

వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, శాంపిల్ రిపోర్టు, షుగర్ కాగితాలు తీసుకెళ్లండి. ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి. పాప పెద్దది చేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.