పెన్సిల్ ముట్టకముందు

చిరంజీవికి,

నీ ఉత్తరమూ, దానితో పంపిన పన్నెండు బొమ్మలూ అందాయి. ఉద్యోగం మానేసి, కథలకూ పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేస్తూ బతకగలనా అని అడిగావు. బతకగలవో లేదో నేను చెప్పలేను. ముప్పై ఏడేళ్లుగా కథలు రాస్తూ, ఇతరుల కథలకు బొమ్మలు వేస్తూ వచ్చినవాడిగా ఒక్క సంగతి మాత్రం చెప్పగలను: ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో చాలా భాగం కాగితం మీద పెన్సిల్ పెట్టకముందే జరిగాయి. అందుకే ఈ ఉత్తరంలో నీ గీత గురించి తక్కువా, గీతకు ముందు చేయవలసిన పని గురించి ఎక్కువా రాస్తున్నాను. నీ గీత బాగుంది. దానికి నా సాయం అక్కర్లేదు.

పన్నెండింటిలో కల్లు గీసే మనిషి బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగాను. కథ నల్లగొండ వైపుదనీ, అందులో ఉన్నది ఈత వనమనీ నువ్వే రాశావు. బొమ్మలో మాత్రం నున్నగా, కాస్త వంగి పెరిగిన మాను, పైన కొబ్బరి మట్టలు, ఆ మట్టల నడుమ కుండ ఉన్నాయి. ఈత చెట్టును గీసేది మట్టలకు కాస్త కింద, మానుకే. ఒకసారి ఒక పక్కన, మరోసారి రెండో పక్కన గీస్తారు గనుక పాత గాట్లు అటొకటి ఇటొకటిగా మెట్లలా కనిపిస్తాయి. కల్లు పట్టే కుండ, లొట్టి, ఆ కోత దగ్గరే వేలాడుతుంది. తాటి చెట్టు సంగతి వేరు, అక్కడ గీసేది మట్టల మధ్య నుంచి వచ్చే గెలలను. ఎక్కేవాడికి నడుము చుట్టూ మానుకు వేసుకునే తాడు, మోకు, ఉండాలి, నీ మనిషికి అది లేదు. కోనసీమలో పుట్టినదానివి, చెట్టు అనగానే చేయి కొబ్బరి వైపు పోయింది, అందులో వింత లేదు. కానీ ఆ కథ చదివే నల్లగొండ మనిషి మొదట చూసేది చెట్టునే. ఆ రచయిత పది పేజీలు కష్టపడి కూడగట్టుకున్న నమ్మకం నీ బొమ్మ దగ్గర సడలిపోతుంది.

ఇంటర్నెట్‌లో పల్లెటూరి బొమ్మ కోసం వెతికితే ముఖం మీదికి కొంగు లాక్కున్న ఆడవాళ్లూ, రంగురంగుల తలపాగాలూ దొరుకుతాయి. అవి ఎవరి పల్లెలో గానీ మన పల్లెలు కావు. నీకు కావలసింది నువ్వే కూడబెట్టుకోవాలి. చేతి సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఆర్టీసీ బస్టాండులో బెంచీ మీద మూటలు ఎలా పెట్టుకుంటారో, రేషన్ షాపు ముందు వరుసలో మనుషులు ఏ కాలి మీద బరువు వేసి నిలబడతారో, పెంకుటింటి చూరు తలుపుకు ఎంత ఎత్తులో ఉంటుందో గీసుకో. తెలియని ప్రాంతపు కథ వస్తే రచయితకు ఫోను చెయ్యి. నా కథలకు బొమ్మలు వేసినవాళ్లలో అలా అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు, వాళ్ల బొమ్మలే ఇప్పటికీ నా గోడ మీద ఉన్నాయి.

కథను చివరిదాకా చదవడం గురించి చెప్పనక్కర్లేదని నువ్వు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. వారపత్రికలకు బొమ్మలు వేసే రోజుల్లో సోమవారం కథ వస్తే బుధవారం సాయంత్రానికి బొమ్మ చేరాలి. ఒకసారి మొదటి రెండు పేజీలు చదివి, వీధి అరుగు మీద నిలబడి వచ్చినవాళ్లకు రెండు చేతులూ జోడించి నమస్కరిస్తున్న పెద్దాయనను వేసి పంపేశాను. ఆ పెద్దాయన కుడి చేయి మిల్లులో పోయిందని ఆఖరి పేజీలో తెలుస్తుంది. కథంతా ఆ ఒక్క వాక్యం కోసమే రాసింది. పత్రికకు వచ్చిన ఉత్తరాలు సరే, ఆ రచయిత నన్ను ఒక్క మాట కూడా అనకపోవడమే ఎక్కువ బాధించింది. అప్పటి నుంచి కథను రెండుసార్లు చదువుతున్నాను, రెండోసారి చేతిలో పెన్సిల్ లేకుండా. ఏ ఘట్టాన్ని వేయాలన్నది అప్పుడే తేలుతుంది. కథలో అతి పెద్ద సంఘటనను బొమ్మగా వేస్తే పాఠకుడికి ముందే ముగింపు చెప్పేసినట్టవుతుంది గనుక, దానికి ఒక అడుగు వెనక ఉన్న క్షణాన్ని ఎంచుకుంటాను.

నువ్వు పంపిన ఆడపిల్లల బొమ్మల్లో ఐదు బాపు బొమ్మలు. మన భాషలో ఆయన పేరు ఒక అందానికి పేరైపోయింది గనుక ఆ వాలుజడ నుంచి తప్పించుకోవడం ఎవరికైనా కష్టమే. అయితే బాపు దగ్గర నేర్చుకోవలసింది కళ్లనూ జడనూ కాదు, ఎంత వదిలేయాలో. జింకు బ్లాకులతో న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యే కాలంలో సన్నటి షేడింగ్ అంతా మసిగా కలిసిపోయేది, తేటగా గీసిన గీత మాత్రం నిలబడేది. అచ్చు యంత్రం ఏమి మింగేస్తుందో తెలిసి గీయడం అంటే అది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలనూ, 1952లో చందమామలో చేరి దశాబ్దాల పాటు విక్రమార్కుణ్ని భుజాన శవంతో నడిపించిన శంకర్ బొమ్మలనూ కూడా పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒకరు రంగుకు లొంగిన కాగితం కోసం వేశారు, ఇంకొకరు అక్షరాల పక్కన ఒదిగే గీత కోసం వేశారు. నీ బొమ్మ ఇవాళ ఫోను తెరమీద రెండు వేళ్ల వెడల్పున కనిపిస్తుంది. పూర్తయిందనుకున్నాక దాన్ని ఆ కొలతకు కుదించి చూసుకో, ముఖంలో భావం మిగిలిందో లేదో అక్కడ తెలుస్తుంది. అచ్చుకైతే అసలు కొలతలో మూడు వందల డీపీఐ, అంటే అంగుళానికి అన్ని చుక్కలు, అంచుల చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కాగితం కోసేటప్పుడు పోయే అదనపు బొమ్మ అడుగుతారు. పిల్లల పుస్తకంలో ఎదురెదురు పేజీల బొమ్మ వేసేటప్పుడు, మధ్య కుట్టులో పిల్ల ముఖం పడకుండా చూసుకోవాలని నాకు మొదటి పుస్తకం అచ్చయ్యాక తెలిసింది.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటంగా ఉంటుందన్నావు. నోటితో అడగలేకపోతే రాసి అడుగు, నిజానికి రాయడమే మంచిది. పని ఒప్పుకున్న రోజునే ఒక చిన్న ఈమెయిల్ పంపు: ఎన్ని బొమ్మలు, ఏ కొలత, ఒక రంగా నాలుగు రంగులా, రఫ్, అంటే చిత్తు బొమ్మ ఎప్పుడు, పూర్తి బొమ్మ ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తావు, ముందు ఎంత ఇస్తారు, మిగతాది ఎప్పుడు, పని మధ్యలో ఆగిపోతే ఎంత. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ బొమ్మను దేనికి వాడుకుంటారు. ఒక సంచికలో ఒక్కసారికా, పుస్తకం అన్ని ముద్రణలకా, ఈ-బుక్కుకూ క్యాలెండరుకూ కూడానా? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికి మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. గీతల బొమ్మ ఆ మాట కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవడానికి నీకు ఓపికా, లాయరుకు ఇచ్చే డబ్బూ ఉండవు. హక్కు బదిలీ మాత్రం రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే పరిమితమనీ అదే చట్టం చెబుతుంది. హక్కులన్నీ రాసిచ్చేసినా ఆ బొమ్మ నీదని చెప్పుకునే హక్కు నీకుంటుంది, కనుక పుస్తకంలో నీ పేరు ఎక్కడ వేస్తారో కూడా అడుగు. రఫ్ ఒప్పుకున్నామని వాళ్లు రాసిన తరువాతే రంగు మొదలుపెట్టు. నా బొమ్మల అసలు కాగితాలు ఒక ప్రెస్సులో గుట్టగా పడి ఉండి, ఆఫీసు మారినప్పుడు చెత్తలోకి పోయాయి. ఫైళ్లు నీ దగ్గరే ఉంటాయి గనుక నీకు ఆ బాధ లేదు కానీ, గీతా రంగూ విడివిడిగా మార్చుకోగలిగే లేయర్ల ఫైలు పంపేస్తే జరిగేది అదే, రేపు ఎవరో నీ పిల్ల బొమ్మకు చీర రంగు మార్చి సబ్బు పెట్టె మీద వేసుకుంటారు.

బిల్లులో పాన్ నంబరు వెయ్యి. ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం పరిమితి దాటితే సాధారణంగా పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటుంది, అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టాన్ని బాకీపడ్డ పెద్ద కంపెనీకి గుర్తుచేయడానికి అది పనికొస్తుంది. పెన్షను డబ్బులతో ఐదు వందల ప్రతులు వేసుకునే కవి దగ్గర ఇదే పట్టుదల చూపించకు. ఆయనకు తక్కువకు వెయ్యి, ఇష్టమైతే ఊరికే వెయ్యి, కానీ అదీ కాగితం మీదే ఉండనీ. మొదటి ఏడాది ఈ రెండు రకాల పనులూ కలిసినా ఇంటి అద్దె రాకపోవచ్చు. ఉద్యోగం మానడానికి ముందు ఎనిమిది నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకో.

కంప్యూటరే నిమిషంలో బొమ్మ వేసిస్తుంటే మనల్ని ఎవరు అడుగుతారని చివర్లో రాశావు. కొందరు అడగరు. నాకు తెలిసిన ఒక పత్రిక ఇప్పటికే అడగడం మానేసింది. అందులో మొన్న వచ్చిన ఒక కథకు వేసిన బొమ్మలోనూ తాటి వనంలో కొబ్బరి చెట్లే ఉన్నాయి. నువ్వు వేసిన తప్పునే అది కూడా వేసింది కాబట్టి, దానికన్నా నువ్వు నయమని ఇప్పుడే అనలేను.

వచ్చే నెల నల్లగొండ బస్సెక్కు. ఈత వనంలోకి పొద్దున్నే వెళ్తే గీసేవాళ్లు కనిపిస్తారు, అడిగితే మోకు చేతికిచ్చి చూపిస్తారు. ఆ బొమ్మను మళ్లీ వేసి పంపు. దానితోపాటు, ఆ కథ వేస్తున్న సంపాదకుడికి నేను చెప్పినట్టు రాసిన ఈమెయిల్ నకలు కూడా పంపు, నేను ముందు చదివేది దాన్నే.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి