మతాల క్లాసులో గిటార్ వాయించవచ్చా?

ఇంగ్లాండ్‌లోని ఒక సెకండరీ స్కూల్లో సెప్టెంబరు నుంచి రెలిజియస్ ఎడ్యుకేషన్ టీచర్‌గా చేరుతున్నానని రాశారు. అకూస్టిక్ గిటార్ వాయించడం వచ్చని, క్లాసులోకి తీసుకెళ్తే పిల్లలు శ్రద్ధగా వింటారా లేక ఏదో ఒక మతంవాళ్లు నొచ్చుకుంటారా అని అడిగారు. నేను మిడ్‌లాండ్స్‌లో 11 ఏళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. మాది గుంటూరు, గిటార్ నేర్చుకున్నది అక్కడి లూథరన్ చర్చి క్వయర్‌లో. తప్పకుండా తీసుకెళ్లండి. కానీ ఎప్పుడు వాయించాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు దాన్ని పెట్టెలోంచి తీయకూడదన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండోది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

నా మొదటి ఏడాది 12, 13 ఏళ్ల పిల్లల క్లాసు ఒకటి ఉండేది. వాళ్లు నోట్సు రాసుకుంటున్నంతసేపూ నేను ఒక మూల కూర్చుని మెల్లగా వాయించేదాన్ని. పాట ఏమీ కాదు, ఊరికే తీగలు మీటడమే. గది నిశ్శబ్దంగా ఉండేది, అంతా బాగానే ఉందనుకున్నాను. మూడో వారం నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒక అబ్బాయి పుస్తకంలో తేదీ, శీర్షిక తప్ప ఇంకేం లేవు. తరువాతి క్లాసు అయ్యాక వాడే నా దగ్గరికి వచ్చాడు. "మిస్, మా ఇంట్లో తీగల వాయిద్యాలు వినం. మీరు వాయిస్తుంటే నాకు రాయడం కుదరట్లేదు. అప్పుడు బయట కూర్చుని రాసుకోవచ్చా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు వారాలు ఆ పిల్లాడు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. మతాల గురించి చెప్పాల్సిన నా గదిలోనే వాడి మతానికి చోటు లేకుండా పోయింది. ఆ సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. "పాఠంలో భాగంగా వినిపిస్తానని ముందే చెప్పండి. వినాలా వద్దా అని మేం ఇంట్లో మాట్లాడుకుంటాం. చెప్పకుండా చెవిలో పడితే మాకు ఆ వీలు లేదు కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి పిల్లలు రాసుకునేటప్పుడు నేను ఎప్పుడూ వాయించలేదు. వాయించే ప్రతి పాఠం గురించీ వారం ముందు ఇంటికి రెండు లైన్ల నోట్ పంపిస్తాను.

మనవాళ్లకు ఇక్కడ ఒక సంగతి కొత్తగా ఉంటుంది. మన దగ్గర రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో మతబోధన ఉండదు. మనకు తెలిసినవల్లా సండే స్కూలు, మిషన్ స్కూల్లో మోరల్ సైన్స్, గుళ్లో భజన. అక్కడ గిటారైనా హార్మోనియమైనా ఆరాధన కోసమే. ఇంగ్లాండ్‌లో 1944 చట్టం నుంచీ స్కూళ్లలో మతబోధన తప్పనిసరి. దేశంలోని ఇతర ప్రధాన మతాలను కూడా పాఠంలోకి తీసుకోవాలని 1988 చట్టం చెప్పింది. పిల్లల్ని ఈ క్లాసు నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఉదయం అసెంబ్లీలో జరిగే సామూహిక ఆరాధన వేరు, మన క్లాసు వేరు. మనం చెప్పేది మతాల గురించి, మన పని ఎవరితోనూ ప్రార్థన చేయించడం కాదు. క్వయర్‌లో పెరిగిన నా చేతులకు ఈ తేడా నేర్పడానికి చాలా రోజులు పట్టింది. గిటార్ పట్టుకుంటే చాలు, నలుగురూ గొంతు కలపాలని నాకు అనిపించేది. మీకూ అనిపిస్తుంది. అది అనిపించినప్పుడే ఆగాలి.

మరి ఎక్కడ వాయించాలి? వాయిద్యమే పాఠమైన చోట. నాకు బాగా కుదిరిన పాఠం ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌ది. ప్రపంచమంతా పాడే 'సైలెంట్ నైట్' పాట 1818 డిసెంబరు 24న అక్కడి చిన్న చర్చిలో మొదటిసారి వినిపించింది. పద్యం రాసింది జోసెఫ్ మోర్ అనే యువ పాదిరి, 1816లోనే రాసి పెట్టుకున్నాడు. బాణీ కట్టింది ఫ్రాంజ్ గ్రూబర్. ఆ రాత్రి ఇద్దరూ పాడితే తోడుగా ఉన్నది మోర్ వాయించిన గిటార్. ఎలుకలు చర్చిలోని ఆర్గాన్ అనే వాయిద్యానికి గాలినిచ్చే తిత్తిని కొరికేశాయి కాబట్టి గిటార్ వాడారని ఒక కథ ఉంది. దానికి ఆధారం లేదు. పిల్లలకు ముందు ఆ కథ చెబుతాను, తరువాత "ఇది మనకెలా తెలుసు?" అని అడుగుతాను. మత చరిత్రలో ఆధారానికీ ఐతిహ్యానికీ తేడా చెప్పడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు. మొదట కట్టిన బాణీ ఇప్పటి జోలపాటలా కాకుండా కాస్త ఊపుగా, 6/8 తాళంలో, డి మేజర్‌లో ఉండేది. నేను రెండు రకాలుగానూ వాయిస్తాను, మాటలు పాడను. పిల్లలు తేడా వెంటనే పట్టేస్తారు. "మొదటిది డాన్స్‌లా ఉంది, అది చర్చిలో ఎలా ఒప్పుకున్నారు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఆ ప్రశ్న రాగానే పాఠం దానంతటదే నడుస్తుంది. 1963లో కేథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద ఇచ్చిన పత్రం పైప్ ఆర్గాన్‌ను గొప్పగా గౌరవించాలంటూనే, తగిన అనుమతితో ఇతర వాయిద్యాలనూ తీసుకోవచ్చంది. ఆ తరువాతే చాలా కేథలిక్ చర్చిల్లోకి గిటార్లు వచ్చాయి, వాటితోపాటు వాదనలూ వచ్చాయి. ఇదేదో ఐరోపా గొడవ అనుకోకుండా నేను మా అమ్మమ్మ సంగతి చెబుతాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారిలాంటివాళ్లు 19వ శతాబ్దంలో మన రాగాల్లోనే రాశారు. మా అమ్మమ్మకు అవన్నీ కంఠతా వచ్చు. నేను చర్చిలో గిటార్ పట్టుకున్న మొదటి ఆదివారం ఇంటికి వచ్చాక, "కీర్తనకు హార్మోనియం, తబలా ఉండగా ఈ టకటకలేంటే" అంది. ఆమె చెప్పిందాంట్లో నిజం ఉంది. కార్డ్ పట్టి, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటితే, కొన్ని రాగాలు నలిగిపోతాయి. అది గిటార్ తప్పు కాదు, మేం చెవి పెట్టకుండా వాయించాం. ఈ కథ చెప్పినప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, పోలండ్ పిల్లలు తమ నానమ్మల వాదనలు చెప్పడం మొదలుపెడతారు. ఒక క్లాసులో ఇక వేరే ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మన సంగీతం వినిపించాలంటే తీగల శ్రుతి మార్చండి. ఆరో తీగను ఇ నుంచి డికి, రెండో తీగను బి నుంచి ఎకి, ఒకటో తీగను ఇ నుంచి డికి దించితే డి-ఎ-డి-జి-ఎ-డి వస్తుంది. ఇంగ్లాండ్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన శ్రుతి ఇది. ఇప్పుడు ఐదో తీగ ఒకసారి, నాలుగో తీగ రెండుసార్లు, ఆరో తీగ ఒకసారి తీరికగా మీటుతూ ఉండండి. మంద్ర పంచమం, షడ్జమం, షడ్జమం, మంద్ర షడ్జమం. తంబురా వరస అదే. మనవాళ్లు రెండు శ్రుతి అంటారే, అది. దాని మీద నేను రామదాసు కీర్తన ఒకటి రెండు చరణాలు వినిపిస్తాను. పాడే ముందు స్పష్టంగా చెబుతాను: "ఇది నా మతం కాదు, నా భాష. ఒక భక్తుడు దేవుడితో ఎలా మాట్లాడాడో వినండి." కంచర్ల గోపన్న భద్రాచలం గుడి కట్టించడం, ఖజానా సొమ్ము విషయంలో గోల్కొండ కోటలో ఖైదు కావడం, సంప్రదాయం చెప్పే 12 ఏళ్ల చెర, అన్నీ చెబుతాను. ఒక కీర్తనలో ఆయన రాముడికీ సీతమ్మకూ చేయించిన నగల లెక్క ఒక్కొక్కటిగా చెప్పి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్నే నిలదీస్తాడు. చివర్లో దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు.

ఇది విన్న పిల్లల ముఖాలు మీరు చూడాలి. దేవుణ్ని తిట్టవచ్చా? ఒకసారి పెంతెకోస్తు కుటుంబం అమ్మాయి చెయ్యెత్తి, "మా నానమ్మ కూడా వంటింట్లో దేవుడితో ఇలాగే గొడవపడుతుంది" అంది. వెంటనే బైబిల్లో 13వ కీర్తన తీయమన్నాను. మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు "ఎంతకాలం?" అని అడుగుతుంది అది. తరువాత అమెరికాలో బానిసలుగా బతికినవాళ్లు కట్టుకున్న స్పిరిచువల్స్ అనే భక్తిపాటల దగ్గరికి వచ్చాం. వాటికి మాత్రం నేను గిటార్ కలపను. ఆ వేదనకు నా వాయిద్యం అలంకారం కాకూడదనిపిస్తుంది, పాత రికార్డింగ్ వినిపిస్తాను.

ఇస్లాం పాఠం రోజు గిటార్ పెట్టె మూసి బల్ల మీద ఉంటుంది. "ఈ రోజు దీన్ని ఎందుకు తీయట్లేదు?" అన్నదే మొదటి ప్రశ్న. ఖురాన్ పఠనంలో స్వరం ఉంటుంది, తజ్వీద్ అనే ఉచ్చారణ నియమాలుంటాయి, అయినా దాన్ని సంగీతం అనరు. తీగల వాయిద్యాలు తగవని చెప్పే పండితులున్నారు, డఫ్ అనే చేతి డప్పు వరకు ఒప్పుకునేవాళ్లున్నారు, చిష్తీ సూఫీలకు ఖవ్వాలీ భక్తిమార్గమే. హైదరాబాద్ దర్గాల్లో ఉర్సుకు ఖవ్వాలీ విన్నవాళ్లకు ఈ వైవిధ్యం విడమరిచి చెప్పక్కర్లేదు, ఇక్కడి పిల్లలకు చెప్పాలి. ముస్లిం పిల్లల మధ్యే అభిప్రాయ భేదాలు వస్తాయి. రానివ్వండి. మీరు తీర్పు చెప్పకండి. క్వేకర్లనే క్రైస్తవ శాఖ పాఠం రోజు కూడా గిటార్ బల్ల మీదే ఉంటుంది, ఈసారి పెట్టె తెరిచి. పాదిరి లేకుండా, పాట లేకుండా మౌనంగా కూర్చునే వాళ్ల సమావేశం గురించి చెప్పి, ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోమంటాను, ప్రార్థించమని మాత్రం అనను. 30 మంది పిల్లలు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్న గదిలో, వాయించకుండా ఉన్న ఆ గిటార్‌నే అందరూ చూస్తుంటారు.

సిక్కు మతం విషయంలో నాకు ఇంకా జంకు ఉంది. గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటల్లో ఎక్కువ భాగం రాగాల వారీగా అమర్చారు. గురునానక్ పాడుతుంటే రబాబ్ అనే తీగల వాయిద్యం వాయించిన భాయీ మర్దానా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. ఈ సంగతులు చెబుతాను, రబాబ్ బొమ్మా గిటారూ పక్కపక్కన పెట్టి పోలికలు చూపిస్తాను. శబద్, అంటే వాళ్ల కీర్తన, మాత్రం నేను వాయించను, గురుద్వారాలో పాడే రాగీల రికార్డింగే వినిపిస్తాను. ఇందులో మీ అభిప్రాయం వేరుగా ఉండవచ్చు.

గిటార్ ఏదైతే మంచిదని కూడా అడిగారు. నైలాన్ తీగలది తీసుకెళ్లండి. స్టీల్ తీగల మోత చిన్న గదిలో చెవికి గట్టిగా తగులుతుంది. శ్రుతి చేసుకోవడం క్లాసు మొదలయ్యేలోపే అయిపోవాలి. 50 నిమిషాల పీరియడ్‌లో నేను వాయించేది మొత్తం నాలుగు నిమిషాలు దాటదు. హెడ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్‌కు ముందే చెప్పి, పాఠ ప్రణాళికలో రాసి పెట్టండి. తరువాత ఎవరైనా అడిగితే టెన్షన్ ఉండదు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి: మీ మతం పాట ఒకటి పాడమని ఏ పిల్లనీ, ఏ పిల్లాణ్నీ క్లాసు ముందు అడగొద్దు. మంచి ఉద్దేశంతోనే అడుగుతాం. అయితే యూదు మతం పాఠంలో 137వ కీర్తన చెప్పినప్పుడు నాకు వేరేలా అర్థమైంది. బబులోనుకు చెరపట్టి తీసుకెళ్లినవాళ్లను, మీ సీయోను పాట ఒకటి పాడండి, విందాం అంటారు పట్టుకొచ్చినవాళ్లు. వాళ్లు పాడరు. అన్యుల దేశంలో యెహోవా కీర్తన ఎలా పాడతాం అంటారు. వాయిద్యాలను నది ఒడ్డున చెట్లకు తగిలించేస్తారు. మన తెలుగు బైబిల్లో ఆ వాయిద్యం పేరు సితారా, ఆ చెట్లు నిరవంజి చెట్లు. ఈ పాఠానికి మా గది కిటికీ కొక్కేనికి గిటార్ తగిలించి పెడతాను. మొదటిసారి అలా పెట్టిన రోజు, ఆ ఖాళీ నోట్‌బుక్ అబ్బాయి అప్పటికి 15 ఏళ్లవాడు, వెనక బెంచీలో ఉన్నాడు. చాలాసేపు దానివైపే చూసి, "వాళ్లు మిస్, ఇంటికి వెళ్లాక మళ్లీ వాయించారా?" అని అడిగాడు. ఎజ్రా గ్రంథం తీయమన్నాను. తిరిగి వచ్చి మందిరానికి పునాది వేసిన రోజు బూరలూ తాళాలూ మోగాయని, ముసలివాళ్లు ఏడుస్తుంటే చాలామంది సంతోషంతో కేకలు వేశారని, ఏది ఏడుపో ఏది కేకో జనానికి తెలియలేదని ఉంటుంది అక్కడ. వాడే లేచి క్లాసుకు చదివి వినిపించాడు.