ఫైల్ వేయించే ముందు

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. 2015 స్విఫ్ట్ డీజిల్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది, ఐదుగురు ఎక్కితే భాకరాపేట ఘాట్‌లో లాగడం లేదు. బెంగళూరులో ఒకాయన ల్యాప్‌టాప్‌తో ఇంజిన్ కంప్యూటర్‌లో కొత్త ఫైల్ వేస్తే 75 హార్స్‌పవర్ బండి 100 అవుతుందన్నాడు, వేయించనా మామా అని అడిగావు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

వేయించొద్దు అనను. ఇప్పుడే వద్దంటాను. కంపెనీ ఇచ్చిన ఆ 75 ఈ రోజు నీ బండిలో ఉందో లేదో ముందు తేల్చుకో.

ఇంజిన్ కంప్యూటర్ చేసే పని నీకు అర్థం కావాలి. ఎంత గాలి వస్తోంది, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో ఎంత ప్రెషర్ కడుతోంది, నీళ్ల వేడి ఎంత, నీ కాలు యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కింది, ఇవన్నీ సెన్సార్ల నుంచి చూసుకుంటుంది. లోపల పట్టికలుంటాయి. ఈ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర, ఇంత లోడు మీద, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ను ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అని గడి గడికీ అంకెలు రాసి ఉంటాయి. వాటినే మ్యాపులంటారు. ట్యూనింగ్ అంటే ఆ అంకెలు మార్చడం. డీజిల్ కొంచెం ఎక్కువ, టర్బో ప్రెషర్ కొంచెం ఎక్కువ, ఇంతకు మించి టార్క్, అంటే తిప్పే బలం, ఇవ్వొద్దని కంపెనీ గీసిన గీత కొంచెం పైకి.

టర్బో ఉన్న బండికి దీనివల్ల 20 నుంచి 30 శాతం దాకా పెరగడం నిజమే. టర్బో లేని పెట్రోల్ బండికి 5 నుంచి 10 శాతం వస్తే గొప్ప. బయటి గాలిని పీల్చుకోవడమే తప్ప దానికి వేరే దారి లేదు. గాలి పెరగనిదే ఇంధనం పెంచి లాభం లేదు. నీ స్నేహితుడి పెట్రోల్ బండికి కూడా చేయిద్దామన్నావు కదా, ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టుకోమని చెప్పు.

ఇక నీ బండి. లక్ష దాటిన డీజిల్ బండి ఏమేం పోగొట్టుకుని ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్లే రబ్బరు గొట్టం సన్నగా చీలి ఉంటుంది. ఊరికే నిలబెట్టి రేజ్ చేస్తే తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడు బుస్సుమంటుంది, వెనక నల్లపొగ వస్తుంది. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి సగం తెరుచుకునే ఉండిపోతుంది, అప్పుడు మంచి గాలి రావాల్సిన చోటికి కాలిన పొగ వెళుతుంది. గాలి కొలిచే సెన్సార్ మీద దుమ్ము, ఎప్పుడు మార్చారో తెలియని డీజిల్ ఫిల్టర్, పట్టేసి తిరుగుతున్న వెనక బ్రేకు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. అన్నీ కలిస్తే నీ 75లో ఎంత మిగులుతుందో నువ్వే ఆలోచించు. స్కానర్ పెట్టి, కంప్యూటర్ అడిగిన బూస్ట్ (టర్బో ప్రెషర్) ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని పక్కపక్కన చూస్తే సగం జబ్బు బయటపడుతుంది. రైల్ ప్రెషర్‌కూ, అంటే ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ప్రెషర్‌కూ, అంతే. చిరిగిన గొట్టం మీద ఫైల్ వేస్తే బండి లాగదు, పొగ మాత్రం ఎక్కువవుతుంది.

ఇంకొక మాట. నీ బండికి పూర్తి బలం, అంటే 190 న్యూటన్ మీటర్ల టార్క్, 2000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. దానికి చాలా కిందనున్నప్పుడు టర్బో సరిపడా తిరగదు. ఘాట్ మలుపులో నువ్వు మూడో గేరులో 1400 మీద ఉండి తొక్కుతుంటే ఏ ఫైలూ నిన్ను పైకి తోయదు, ఎందుకంటే అక్కడ గాలే లేదు. మలుపుకు ముందే రెండో గేరుకు దించు, ఆర్‌పీఎం ముల్లు 2000 పైన ఉంచు. ఈసారి ఎక్కేటప్పుడు ఇదొక్కటీ చేసి చూడు. మైలేజీ తగ్గుతుందని గేరు దించడానికి భయపడతావని నాకు తెలుసు, మీ నాన్న కూడా అంతే.

ఇదే 1248 సీసీ ఇంజిన్‌ను ఎర్టిగాలో 90 హార్స్‌పవర్‌కి ఇచ్చారు. అంకెలు మార్చి ఊరుకోలేదు, టర్బోనే మార్చారు, లోపలి రెక్కలు అటూ ఇటూ కదిలే టర్బో పెట్టారు. కంపెనీయే 15 పెంచడానికి అంత చేసినప్పుడు, నీ పాత టర్బో మీద 25 పెంచుతానంటే అది ఎక్కడి నుంచి వస్తుందని అడగాలి కదా. టర్బోను దాని శక్తికి మించి తిప్పడం నుంచి, వేడి నుంచి వస్తుంది.

వేడి గురించి నేను బాధపడి నేర్చుకున్నది చెబుతున్నాను. కంప్యూటర్లు లేని రోజుల్లో డీజిల్ పంపు మీద స్క్రూ ఉండేది, దాన్ని తిప్పితే డీజిల్ పెరిగేది. బెల్లం లోడుతో బెంగళూరు వెళ్లే ఒక లారీ ఆయన మొగిలి ఘాట్‌లో బండి ఏడుస్తోందని వచ్చాడు. నేను కుర్రవాణ్ణి, ఆయన అడిగినంతా తిప్పాను. వారం రోజులు నన్ను మెచ్చుకున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం, అదే ఘాట్‌లో, పిస్టన్ నెత్తి కరిగి బండి ఆగిపోయింది. గాలి చాలకుండా డీజిల్ పోస్తే పొగ గొట్టంలో వేడి ఎంతకు ఎక్కుతుందో నేను కొలవలేదు. ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. అప్పుడు స్క్రూ, ఇప్పుడు ఫైల్. కరిగే పిస్టన్ మారలేదు. మన దగ్గర మేలో 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ వేసుకుని, ఐదుగురితో, ఎత్తులో. చల్లని ఊళ్లో బాగా నడిచిన ఫైల్ ఇక్కడ నడవాలని లేదు.

బండి అన్ని విధాలా బాగై, అప్పటికీ నీకు కావాలనిపిస్తే, 100 అడగొద్దు. 85 నుంచి 90 లోపు చాలు, పొగ రాకూడదు అని చెప్పు. ముందు క్లచ్ చూసుకో. ఎత్తులో నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ముల్లు లేచి వేగం లేవకపోతే క్లచ్ జారుతున్నట్టే, ఫైల్ వేసిన నెలలో అది పోతుంది. నీ కంప్యూటర్‌లో ఉన్న అసలు ఫైల్‌ను చదివి నీ చేతికి ఇవ్వమను. ఇవ్వనంటే లేచి వచ్చేయ్. వేసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించాడా చూడు. మధ్యలో కరెంటు పడిపోతే కంప్యూటర్ చచ్చిపోతుంది, బండి అక్కడే నిలబడుతుంది. అన్ని స్విఫ్టులకూ ఒకే ఫైల్ వేసేవాడి దగ్గరికి వెళ్లకు. ముందు ఒకసారి నడిపి రీడింగులు తీసుకుని, వేశాక మళ్లీ నడిపి తీసుకునేవాడే పని తెలిసినవాడు. వైరుకు తగిలించే చిన్న డబ్బాలు కూడా వస్తాయి. అవి రైల్ ప్రెషర్ తక్కువగా ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పి ఎక్కువ కట్టిస్తాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు.

ఈజీఆర్ మూసేస్తానంటే ఒప్పుకోకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. చెప్పకుండా దాచి, రేపు ఏదైనా జరిగితే మీ అమ్మ ఎవరి చుట్టూ తిరగాలి?

కొండకు వెళ్లేటప్పుడు పికప్ కావాలని కూడా రాశావు. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాల కంటే ముందు దిగకూడదు, అది దేవస్థానం పెట్టిన నిబంధన. ఆ దారిలో నీ 75 కూడా ఎక్కువే. దిగేటప్పుడు రెండో గేరు, బ్రేకు మీద కాలు తక్కువ.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా బండి తీసుకుని ఇంటికి రా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గొట్టాలు విప్పడం సులువు. స్కానర్ నా దగ్గరుంది. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మాత్రం కొత్తవి కొని తీసుకురా. టిఫిన్ మీ అత్త చేస్తుంది.

మీ మామయ్య