ప్లేగు వల్ల పునరుజ్జీవన కాలపు కళ, సాహిత్యం ఎలా మారాయి?

అన్నిటికన్నా తేలిగ్గా కనిపించే మార్పు బొమ్మల్లోని సెయింట్లది. ప్లేగును దేవుడు విసిరే బాణంగా ఊహించేవారు. అందుకే ఒళ్లంతా బాణాలు దిగినా బతికిన సెబాస్టియన్‌ను రక్షకుడిగా కొలిచారు. పక్కన కుక్క, తొడ మీద ప్లేగు పుండు చూపిస్తూ ఒక యాత్రికుడు ఉంటే అతను సెయింట్ రోచ్. ఈ ఇద్దరిలో ఎవరు కనిపించినా ఆ చిత్రం ప్లేగు మొక్కుబడి కావచ్చు.

సాహిత్యంలో ఇటలీ రచయిత బొకాచియో 'డెకామెరాన్' ముఖ్యం. 1348లో ప్లేగుకు భయపడి ఫ్లోరెన్స్ నగరం వదిలిపోయిన 7గురు స్త్రీలు, 3గురు పురుషులు 10 రోజుల్లో చెప్పుకున్న 100 కథలివి. గజ్జల్లో, చంకల్లో లేచే గడ్డలనూ, పిల్లల్ని వదిలేసిన తల్లిదండ్రులనూ ముందుమాటలోనే దాపరికం లేకుండా రాశాడు. లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే టస్కన్‌లో. కవి పెట్రార్క్ తను ప్రేమించి కవితలు రాసిన లారాను పోగొట్టుకున్నదీ 1348లోనే.

అయితే మృత్యువు బొమ్మ ప్రతిదీ ప్లేగు ఫలితం కాదు. పీసాలోని 'మృత్యు విజయం' కుడ్యచిత్రాన్ని చాలాకాలం అలాగే అనుకున్నారు. అది ప్లేగుకు ముందే, 1330లలో వేసిందని ఇప్పుడు పండితులు ఎక్కువగా ఒప్పుకుంటున్నారు.

కట్టడాల మీదా ప్లేగు దెబ్బ పడింది: ఇటలీలోని సియెనాలో చర్చి విస్తరణ 1348లో ఆగిపోయింది, ఆ మొండిగోడలు నేటికీ ఉన్నాయి. 1576లో వెనిస్‌లో ప్లేగు చెలరేగిన రోజుల్లోనే చిత్రకారుడు టిషన్ కన్నుమూశాడు. ఆయన చివరి 'పియెటా' (చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియ) చిత్రంలో ఒక మూల చిన్న మొక్కుబడి పలక ఉంది. అందులో తనూ కొడుకూ మోకరిల్లి వేడుకుంటున్నారు.