గిరణ్‌గావ్ (ముంబయి మిల్లుల పేట) అంతరించడానికి 1982 మిల్లు కార్మికుల సమ్మె ఒక్కటే కారణమా?

కాదు. ముంబయిలో 1850లలో నూలుమిల్లులు మొదలయ్యాక పరేల్, లాల్‌బాగ్, వర్లీలలో కార్మికుల చాళ్లు (ఒంటిగది ఇళ్ల వరుసలు) వెలిశాయి. కొంకణంవాళ్లతో పాటు తెలంగాణ పద్మశాలీలూ అక్కడే కాపురాలు పెట్టారు. పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టు దిగినవాడు నడుం వాల్చేవాడు.

దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2.5 లక్షల మంది చేసిన సమ్మె విఫలమై వేలమంది ఉపాధి పోయిన మాట వాస్తవమే. అయితే యజమానులు అంతకుముందు నుంచే పాత యంత్రాలను మార్చకుండా, నేతపనిని ముంబయి దగ్గరి భివండీ మరమగ్గాలకు మళ్లిస్తూ వచ్చారు. నా దృష్టిలో అసలు దెబ్బ భూమి విషయంలోనే తగిలింది: మిల్లు స్థలంలో మూడోవంతు బహిరంగ స్థలానికి, మరో మూడోవంతు ప్రజా గృహాలకు దక్కేలా 1991లో పెట్టిన నిబంధనను, 2001లో కేవలం మిల్లు కట్టడాలు లేని ఖాళీ జాగాకే పరిమితం చేయడంతో, కార్మికులకు, నగరానికి రావలసిన వాటా చాలావరకు తరిగిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది.